ఫ్రిజ్ తనంతట తాను ఆగిన రోజు

చోడవరం సెక్షన్ ఆఫీసులో నేను మీటర్లు పరీక్షించే ఉద్యోగం చేసిన రోజుల్లో, "మీటరు అబద్ధం చెప్పదు, మనిషే చెబుతాడు" అనే మాట ఒకటి చలామణీలో ఉండేది. ఆ మాట నాదే. ఎవరైనా బిల్లు ఎక్కువొచ్చిందని కాగితం పట్టుకుని వస్తే, ముందు ఆ మాట అనేసి తర్వాతే కుర్చీ చూపించేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీలాంటి వాళ్ళకి పెద్దవాళ్ళు తమ సన్మానాల గురించే చెబుతారు, తిన్న మొట్టికాయల గురించి చెప్పరు. నాకు రెండూ ఒకే ఇంట్లో దొరికాయి కాబట్టి రెండూ చెబుతాను.

ఆ ఇల్లు దేవరాపల్లి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఉంది. రేకుల ఇల్లు. ముందు గది, వెనక వంటగది, వాకిట్లో చిన్న పంచ. ఇల్లాలు బట్టలు కుట్టేది. భర్త బెల్లం మార్కెట్లో చాలా ఏళ్ళు కాటా దగ్గర పనిచేసి, ఒంట్లో బాగాలేక మానేసిన మనిషి. ఇద్దరే ఉంటారు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. మాట నెమ్మది, కానీ పట్టు వదలదు. మా ఆఫీసుకి ఒకే ఫిర్యాదు మీద మూడోసారి వచ్చినప్పుడు నేను తలెత్తి చూశాను.

"బాబూ, మూడు నెల్లబట్టి ఇలాగే వస్తంది బిల్లు. మేవేటి ఏసీ పెట్టుకున్నావేటి?"

"వేసవి కదమ్మా, ఫ్యాన్లు ఎక్కువ తిరుగుతాయి."

"ఒకటే ఫ్యానండి. కుట్టుమిషనుకి మోటారు ఇప్పించేసేను. కాల్తోనే తొక్కుతన్నాను. రెండు బల్బులు పీకేసేను. ఇంకేటి పీకమంటారో సెప్పండి, పీకేస్తాను."

పక్కనే ఉన్న మా లైన్‌మన్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. అతను నాకంటే రెండేళ్ళు పెద్ద. ఉద్యోగంలో నేను పైవాణ్ణి కాబట్టి అతను నన్ను "సారూ" అనేవాడు. నేనతన్ని "గురువా" అనేవాణ్ణి. స్తంభం ఎక్కడంలోనే కాదు, మనుషుల్ని చదవడంలోనూ అతను నిజంగానే గురువు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మర్నాడు ఇద్దరం వెళ్ళి ఆ ఇంటికి చెక్ మీటరు పెట్టాం. అంటే మరేం లేదు. ఇంటి మీటరు పక్కనే నమ్మకమైన ఇంకో మీటరు బిగించి, వారం రోజులపాటు రెండూ ఒకే లెక్క చెబుతున్నాయో లేదో చూడటం. వారం తర్వాత చూస్తే రెండూ కవల పిల్లల్లా ఒకే అంకె చూపించాయి. నాకు ఎంత సంతోషం వేసిందో! ఆవిడకి చూపించి, "చూశారా అమ్మా, మీటరు అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆవిడ రెండు అంకెలూ వేలితో తడుముతూ చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీటరు మంచిదే. ఒప్పుకున్నాను. మరి కరెంటు ఎటెల్తన్నాది బాబూ?"

మీరు గమనించండి. మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. నా ఉద్యోగంలో అన్నేళ్ళుగా ఎవరూ నన్నది అడగలేదు, నేనూ నన్నడుక్కోలేదు. నా రూలు పుస్తకం ప్రకారం మీటరు దాటి లోపలికి వెళ్ళిన కరెంటు సంగతి నాకు అనవసరం. "నాకు తెలియదమ్మా" అని ఉంటే బాగుండేది. కానీ చేతిలో స్క్రూడ్రైవరున్నవాడికి తెలియదనడం ఎంత కష్టమో మీకు ముందు ముందు తెలుస్తుంది.

"ఫ్రిజ్ ఉందా?" అన్నాను.

"ఉందండి, పాతది."

"అదే తింటుంది. పొద్దున్న ఆపేసి, సాయంత్రం వేసుకోండి. సగానికి సగం తగ్గుతుంది."

ఆ సలహా నాకెవరు చెప్పారో ఈ రోజుకీ గుర్తు లేదు. బస్సులో విన్నానో, టీ కొట్టు దగ్గర విన్నానో. అందరూ అంటారు కదా, నేనూ అన్నాను. ఆవిడ మాత్రం ఆఫీసరు చెప్పిన మాటని తల ఊపుతూ విన్నది. తిరుగు దారిలో బండి మీద వెనక కూర్చున్న లైన్‌మన్ అన్నాడు: "సారూ, ఆ ఫ్రిజ్‌లో ఏటున్నాదో అడగలేదు మనం."

"ఏముంటుంది గురువా, పెరుగూ, పచ్చళ్ళూ."

అతను ఊరికే అడిగే రకం కాదు. నేను పట్టించుకోలేదు.

మూడు వారాలు గడిచాయి. ఎండలు బాగా ముదిరాయి. ఒక పొద్దున్న లైన్‌మన్ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సారూ, ఆ కుట్టుమిషనమ్మ లేదూ, ఆవిడ పెనివిటిని పెద్దాసుపత్రిలో ఏసేరట. సుగరు ఎక్కడికో ఎల్పోయిందట. తెలివి లేకుండా తెచ్చేరంట."

"అయ్యో" అన్నాను. ఇంకా నాకు బోధపడలేదు.

"ఇన్సులిన్ పాడైపోయిందంట సారూ. ఫ్రిజ్‌లో ఉండేదంట."

అప్పుడు బోధపడింది. బండి తీసుకుని వెళ్ళిపోయాను. ఆసుపత్రి వరండాలో ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేనే కింద కూర్చున్నాను.

జరిగింది ఇది. నేను చెప్పినట్టే ఆవిడ పొద్దున్న ఫ్రిజ్ ఆపేసేది. పగలు మందు వేడెక్కిపోతుందేమోనని ఆవిడకే భయం వేసింది. తెలివిగా ఆలోచించి, ఇన్సులిన్ సీసాలు పైన ఐసు పెట్టెలో, గడ్డకట్టిన ఐసు మధ్యన దాచింది. ఆపేసినా అక్కడ చల్లగా ఉంటుంది కదా అని. రాత్రి ఫ్రిజ్ వేసేసరికి మందు గడ్డకట్టేది, పగలు కరిగేది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌కి ఇక బలం ఉండదట. చూస్తే నీళ్ళలాగే ఉంటుంది, సూదిలోకి ఎక్కుతుంది, పని మాత్రం చెయ్యదు. పాపం, ఆ మనిషి రోజూ పూట తప్పకుండా ఆ నీళ్ళే పొడిపించుకున్నాడు.

"తప్పు నాదే బాబూ" అంది ఆవిడ. "ఫ్రిజ్‌లో మందున్నాదని మీకు నాను సెప్పలేదు కదా."

తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదు.

అంతలో డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్న వయసే. చేతిలో కేసు కాగితం. "ఫ్రిజ్ ఆపమని ఎవరమ్మా చెప్పింది మీకు?" అని ఆవిడనే అడిగింది. ఆవిడ నా వైపు చూడలేదు. నన్ను కాపాడదామని నేల వైపు చూస్తూ కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను. "నేను చెప్పానండి. కరెంటాఫీసులో పనిచేస్తాను."

"మీకు ఫ్రిజ్‌ల గురించి తెలుసా?"

"తెలియదండి."

డాక్టరమ్మ కేసు కాగితం మడిచి, "ఇప్పుడు పరవాలేదు, నాలుగైదు రోజులు ఉంచుతాం. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. పైకీ పోకూడదు, కిందకీ పోకూడదు. గుర్తుపెట్టుకోండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఉద్యోగంలో ఉండగా నాకు అందిన పై అధికారుల ఉత్తర్వుల్లో నేను అక్షరం పొల్లుపోకుండా పాటించింది బహుశా అదొక్కటే.

మంచం మీద ఆయనకి మర్నాటికి మాట వచ్చింది. నన్ను చూసి, "కరెంటు బాబా? మా ఆవిడ సెప్పింది. నా బిల్లు తగ్గించబోయి నన్నే తగ్గించేద్దారనుకున్నావా ఏటి?" అన్నాడు. అని ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఆ మనిషి మీద గౌరవం పుట్టింది. ఆ రోజే అనుకున్నాను, ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు కనుక్కోకుండా ఈ కేసు మూయకూడదని.

అయితే జవాబు నాకు తెలియదు కదా. తెలిసినవాడి దగ్గరికి వెళ్ళాలి. చోడవరం బజారులో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ ఒకడు ఉండేవాడు. ఎప్పుడూ నాలుగు ఫ్రిజ్‌ల మధ్య స్టూలు మీద కూర్చుని పకోడీలు తింటూ ఉండేవాడు. నేను వెళ్ళి, "ఫ్రిజ్ కరెంటు ఎందుకు తింటుందో చెప్పు" అన్నాను. కరెంటాఫీసు వాడు తన దగ్గర పాఠం చెప్పించుకోవడానికి వచ్చాడని అతనికి పరమానందమైంది.

"సారూ, ఫ్రిజ్ సల్లదనం తయారుచెయ్యదండి. అందరూ అలాగే అనుకుంటారు. అది కూలోడు. లోపలున్న ఏడిని ఎత్తుకెళ్ళి బయట పారేస్తాది. అంతే దాని పని. ఎనకాల నల్లటి ఊచలుంటాయి సూడండి, అక్కడ పారేస్తాది. పారేసే సోటు లేకపోతే, ఇటునుంచి కొత్త ఏడి వచ్చి పడతంటే, కూలోడు ఏటి సేస్తాడు? ఆగకుండా మోస్తానే ఉంటాడు."

"మరి పగలు ఆపేస్తే?"

"ఆపినప్పుడు ఏడి లోపలికి దూరిపోద్ది కదండీ. మళ్ళా ఏసినప్పుడు అదంతా మొయ్యాల. మిగిలేది గోరంత, పాడయ్యేది కొండంత." పకోడీ పొట్లం నా వైపు జరిపాడు. "మంచి ఫ్రిజ్‌కి గుర్తేటో తెలుసా సారూ? దానంతట అది ఆగాల. కాసేపు నడవాల, కాసేపు ఆగాల. ఆగని ఫ్రిజ్ జొరం వచ్చిన మనిషి లాంటిది."

ఆ గంటలో నేర్చుకున్నంత కరెంటు నేను శిక్షణ కేంద్రంలో నేర్చుకోలేదు.

ఆయన ఇంటికొచ్చి కోలుకున్నాక, రెండో శనివారం సెలవు రోజు చూసుకుని, లైన్‌మన్‌ని అడిగాను. "వస్తావా గురువా?" అంటే, "నేను రాకపోతే ఈసారి మీరేటి సెప్పొచ్చేస్తారో అని భయం" అన్నాడు. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం.

ఆవిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది. మర్యాదగానే ఆపింది.

"మంచినీళ్ళు తాగండి బాబూ. మీరు ఏటి సెయ్యాలనుకున్నా సెయ్యండి. కానీ ముందు మందు సంగతి తేలాల. పక్కింటోళ్ళ ఫ్రిజ్‌లో పెట్టొచ్చేను. నాకు నమ్మకం వచ్చేదాకా అది ఇక్కడికి రాదు."

"అలాగే అమ్మా" అన్నాను. ఆ షరతు పెట్టడానికి ఆవిడకి హక్కు నేనే ఇచ్చాను మరి.

మీటరు పంచలో గోడకి ఉంది. ఇప్పటి మీటర్లలో ఎర్ర దీపం ఒకటి మెరుస్తూ ఉంటుంది, మీరు చూసే ఉంటారు. ఒక యూనిట్ అయ్యేసరికి అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే రాసి ఉంటుంది. దీనికి మూడు వేల రెండు వందలు. అంటే ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క వస్తువే నడిపితే, ఆ మెరుపులు లెక్కపెట్టి ఆ వస్తువు ఎంత తింటుందో ఎవరైనా చెప్పొచ్చు. దానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు, ఓపిక చాలు. ఫ్యాను ఆపించాను, బల్బులు ఆపించాను, టీవీ ప్లగ్గు పీకించాను. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తోంది. మీటరు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, వాచీ చేత పట్టుకుని కూర్చున్నాను.

ఏడెనిమిది సెకన్లకొక మెరుపు. లెక్క కట్టుకుంటూ పోయాను. అరగంట అయింది. దీపం మెరుస్తూనే ఉంది. గంట అయింది. ఎక్కడా ఆగలేదు. ఫ్యాను లేక ఆయన పంచలో కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు.

ఈలోపు వీధిలో వేరే తమాషా నడిచింది. కరెంటోళ్ళు మీటరు ముందు కాపలా కూర్చున్నారంటే, దొంగ కరెంటు పట్టుకోవడానికి వచ్చారని పుకారు లేచింది. లైన్‌మన్ అలా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, నా చెవిలో చెప్పాడు: "సారూ, మనం ఊరికే కూకున్నందుకే రెండు కొక్కేలు తీగల మీంచి కిందకి దిగిపోనాయి. సెలవు రోజైనా డిపార్ట్‌మెంటుకి లాభమే."

గంటన్నర తర్వాత నేను లేచి వంటగదిలోకి వెళ్ళాను. "అమ్మా, ఈ ఫ్రిజ్ మధ్యమధ్యలో ఆగుతుందా?"

"ఆగదండి. ఎప్పుడూ గుర్రుమంటానే ఉంటాది. కొన్న కొత్తలో ఆగేది. ఇప్పుడు ఆగితే పాడైపోయిందేమోనని నాకే భయమేస్తాది."

మూడున్నర యూనిట్ల పైమాటే ప్రతి రోజూ ఆ ఒక్క పెట్టే తింటోందని లెక్క తేలింది. ఇక కారణాలు వెతకడం మిగిలింది. అవి వెతకనక్కర్లేకుండానే కనిపించాయి. చెక్ మీటరు పెట్టిన రోజే నేను లోపలికి తొంగిచూసి ఉంటే అప్పుడే కనిపించేవి.

ఫ్రిజ్ వంటగదిలో గూటిలాంటి సందులో ఉంది. ఒక పక్క గ్యాస్ పొయ్యి. వెనక పడమటి గోడ, సాయంత్రం దాకా ఎండలో కాగే గోడ. వెనకున్న ఊచలు గోడని తాకుతున్నాయి. వాటికి నూనె జిడ్డు, దాని మీద దుమ్ము, దుప్పటి కప్పినట్టు పట్టి ఉంది. లోపల చల్లదనం పెంచీ తగ్గించే మర ఆఖరి అంకె మీద ఉంది. "ఎండాకాలం కదాని పెంచేనండి" అంది ఆవిడ. ఐసు పెట్టె నిండా ఐసు పేరుకుని తలుపే పట్టడం లేదు.

తలుపు చుట్టూ ఉండే రబ్బరుని పరీక్షించే చిట్కా మెకానిక్ చెప్పాడు. కాగితం ఒకటి తలుపులో పెట్టి మూసి లాగాలి. బిగువుగా ఉంటే రబ్బరు మంచిదే. జారిపోతే అక్కడి నుంచి వేడిగాలి లోపలికి పోతున్నట్టే. "కాగితం ఏదైనా ఉందా అమ్మా?" అంటే ఆవిడ కరెంటు బిల్లు తెచ్చి ఇచ్చింది. ఇంట్లో కాగితాలకి కరువేం లేదు, అది కావాలనే ఇచ్చిందని నా అనుమానం. పైనంతా పట్టింది. కింద మూల దగ్గర మాత్రం బిల్లు గాలికి వచ్చినట్టు జారి వచ్చేసింది.

"ఇక్కడ్నుంచన్నమాట ఎల్తన్నాది" అని ఆవిడ ఆ మూల మీద వేలు పెట్టింది. అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్న మనిషి ఆ క్షణం నుంచి చీర కొంగు బిగించి పనిలోకి దిగింది.

ముందు ఫ్రిజ్ ఆపి ఐసు కరగనిచ్చాం. లైన్‌మన్ తలుపు తెరిచి, ఇంట్లో ఉన్న ఆ ఒక్క టేబుల్ ఫ్యానునీ ఎదురుగా పెట్టాడు. ఆవిడ కత్తితో ఐసు పొడవబోతే వద్దని ఆపాను. లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుందని మెకానిక్ గట్టిగా చెప్పాడు. ఐసు కరుగుతూ కరుగుతూ లోపలినుంచి ఒక పొట్లం బయటపడింది. విప్పితే వంజరం ముక్కలు.

"ఒసే, ఇది పోయిందన్నావు కదే! పిల్లెత్తుకెల్పోయిందన్నావు!" అన్నాడు ఆయన. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆసుపత్రి తర్వాత ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఆ చేపని ఎవరూ తినలేదు లెండి, పెంటకుప్పలోకి పంపించేశాం.

రబ్బరు మూలని వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాపుతూ, మెత్తబడ్డాక లాగి సరిచేశాడు లైన్‌మన్. ఊచల జిడ్డు ఆవిడే బ్రష్షు పెట్టి దులిపింది. ఆ తర్వాత అసలు సమస్య వచ్చింది. ఫ్రిజ్‌ని ఎక్కడ పెట్టాలి?

ముందు గదిలో ఉత్తరం గోడ చల్లగా ఉంది, ఎర్తు వైరున్న ప్లగ్గు కూడా అక్కడే ఉంది. కానీ ఆ గోడకి ఒక వైపు కిటికీ దగ్గర కుట్టుమిషను, రెండో వైపు ఆయన మంచం. మిషను జరిపితే ఆవిడకి వెలుతురుండదు. ఏమంటుందో అని ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ ఆలోచించలేదు.

"మిషను జరగదండి. మంచం జరుగుద్ది."

"సూసేవా బాబూ, ఫ్రిజ్‌కి గాలి కావాలంట, నాకక్కర్లేదంట" అన్నాడు ఆయన. అంటూనే తన మంచం ఒక కోడు తనే పట్టుకుని జరపబోతే, లైన్‌మన్ అడ్డుకుని తాను ఎత్తాడు. ఫ్రిజ్‌ని గోడకి జానెడు దూరంగా నిలబెట్టాం. మర మధ్య అంకెకి తిప్పాను.

మధ్యాహ్నం ఆవిడ అన్నం పెట్టింది. ఆనపకాయ పులుసు, నెత్తళ్ళ వేపుడు. కదిపిన ఫ్రిజ్‌ని వెంటనే వెయ్యకూడదు కాబట్టి అందరం తిని, కాసేపు కూర్చుని, రెండు దాటాక వేశాం. మధ్య అరలో గ్లాసుడు నీళ్ళు పెట్టి అందులో థర్మామీటరు ముంచాను. మళ్ళీ స్టూలు. మళ్ళీ మీటరు.

మూడైంది. నాలుగైంది. దీపం మెరుస్తూనే ఉంది. ఐదయ్యేసరికి నాకు భయం పట్టుకుంది. ఇంత చేసి, ఇది కూడా ఆగకపోతే? మంచం జరిపించాను, ఇల్లంతా నీళ్ళమయం చేశాను, ఆ మనిషికి రోజంతా నిద్ర లేదు. రెండోసారి కూడా తప్పు చెప్పినవాడిగా ఆ గుమ్మం దిగాల్సి వస్తే, ఇక ఏ గుమ్మం ఎక్కి మీటరు విప్పను? లైన్‌మన్ నా పరిస్థితి కనిపెట్టి, "కంగారు పడకండి సారూ, పొద్దున్నుంచీ లోపలికి దూరిన ఏడి కదా" అన్నాడు.

ఐదున్నర దాటింది. లోపల గదిలో టక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. ఎవరూ స్విచ్చి నొక్కకుండా ఆ ఇంట్లో ఎన్ని నెలల తర్వాత వినిపించిన నిశ్శబ్దమో! వీధిలో చెరకు బండి వెళ్తున్న చప్పుడు కూడా వినపడింది.

"అయ్యో, పోయింది!" అంటూ ఆవిడ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"పోలేదమ్మా, ఆగింది! దానంతట అది ఆగింది. ఇటు రండి."

ఆవిడ, ఆయన, లైన్‌మన్, నేను నలుగురం మీటరు ముందు నిలబడ్డాం. ఎర్ర దీపం మెరవడం లేదు. పది సెకన్లు. అర నిమిషం. నిమిషం. అన్నేళ్ళు మీటరు తిరుగుతోందా లేదా అని చూసిన నేను, ఒక మీటరు ఆగి ఉండటం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మా డిపార్ట్‌మెంటుకి తెలిస్తే ఏమనుకునేదో. పావుగంట పైనే అలా ఆగి, మళ్ళీ టక్కుమని మొదలైంది. కాసేపు నడిచింది, మళ్ళీ ఆగింది.

థర్మామీటరు ఐదు డిగ్రీలు చూపించింది. "చూడండమ్మా, డాక్టరమ్మ చెప్పిన రెండుకీ ఎనిమిదికీ నడి మధ్యన ఉంది. ఇక మందు తెచ్చుకోవచ్చు" అన్నాను ఉత్సాహంగా.

"ఇంకో రెండు రోజులు సూసి తెస్తాను బాబూ."

లైన్‌మన్ నా ముఖం చూశాడు, కోపం వచ్చిందేమోనని. రాలేదు. చెక్ మీటరు పెట్టి వారం రోజులు చూడకుండా నేను ఎవరి మాటా నమ్మను కదా. ఆవిడ చేస్తున్నదీ అదే. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ తీసి, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం థర్మామీటరు చూసి రాసింది. సోమవారం సాయంత్రం అవన్నీ నాకు ఫోన్‌లో చదివి వినిపించి, "ఎక్కడా ఏడు దాటలేదు, నాలుగు దిగలేదు. మందు తెచ్చుకుంటన్నాను. ఐసు పెట్టెకి దూరంగా, నడి అరలో పెడతాను" అని చెప్పింది. ఆ మాట విన్నాక నేను కుర్చీలోంచి లేచి, ఆఫీసులో ఉన్న అందరికీ టీ చెప్పాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి నెల ఆ ఇంటి రీడింగుకి నేనే వెళ్ళాను. ఫ్రిజ్ తినేది సగానికి సగం పడిపోయింది. ఆవిడ కుట్టుమిషనుకి మోటారు మళ్ళీ బిగించుకుంది. పీకేసిన బల్బులు రెండూ పెట్టుకుంది. అయినా బిల్లు తగ్గే వచ్చింది.

ఫిర్యాదు మూసేటప్పుడు రిపోర్టు రాయాలి. రెండు పేజీలు రాశాను. అందులో పగలు ఆపెయ్యమని నేనిచ్చిన సలహా, దానివల్ల జరిగింది కూడా రాశాను. పక్క బల్ల వాళ్ళు చదివి, "నీకేమైనా పిచ్చా? పింఛను దగ్గర పడుతుంటే ఇవన్నీ కాగితం మీద పెడతావా?" అన్నారు. ఆ పేరా కొట్టెయ్యమని ఒకాయన పెన్ను కూడా ఇచ్చాడు. నిజం చెబుతున్నాను, ఆ పెన్ను కాసేపు పట్టుకునే కూర్చున్నాను. తర్వాత రిపోర్టు అలాగే తీసుకెళ్ళి మా అసిస్టెంట్ ఇంజినీరు, అదే ఏఈ గారికి ఇచ్చేశాను. ఆవిడది మా అమ్మాయి వయసు. మొత్తం చదివి, "ఈ పేరా ఉందని కదండీ మిగతాది నమ్ముతాను" అంది. సంజాయిషీ కాగితం వస్తుందని నేను ఎదురుచూశాను. దాని బదులు, బిల్లు ఎక్కువొచ్చిందనే ఫిర్యాదులన్నిటికీ ఇక నుంచి ఇంట్లోకి వెళ్ళి చూడమని నాకు పని వేసింది. రిటైరయ్యేదాకా కె.కోటపాడు నుంచి రావికమతం దాకా ఎన్ని వంటగదులు చూశానో లెక్కలేదు. ఎన్ని ఫ్రిజ్‌లని గోడ నుంచి జానెడు ముందుకి లాగానో కూడా లెక్కలేదు. నా నడుం నొప్పికి కారణం అదేనని మా ఇంట్లో అంటారు. నేను కాదనను.

నా ఉద్యోగం ఆఖరి సంవత్సరంలో కె.కోటపాడులో ఆడవాళ్ళ పొదుపు సంఘాల మీటింగు జరిగింది. కరెంటు ఆదా గురించి మాట్లాడమని మా ఆఫీసుకి కబురొచ్చింది. నేను ఏఈ గారికి చెప్పి, మా కుట్టుమిషనమ్మని పంపించమన్నాను. ఆవిడ మొదట "నానేటి, మీటింగులో మాటాడ్డమేటి" అంది. తర్వాత ఒప్పుకుంది. నేను వెనక వరసలో కుర్చీ వేసుకున్నాను. ఆవిడ ముందు బెదిరింది. కానీ కాగితం తీసి, మీటింగుకని తెప్పించిన ఫ్రిజ్ తలుపులో పెట్టి లాగడం మొదలుపెట్టాక మరి ఆగలేదు. కూలోడి కథ చెప్పింది. వేడి కూరగిన్నె లోపల పెడితే ఏమవుతుందో చెప్పింది. మందులున్నవాళ్ళు థర్మామీటరు లేకుండా మర తిప్పొద్దని రెండుసార్లు చెప్పింది. ఒకావిడ లేచి, "ఇవన్నీ నీకెవలు నేర్పేరు?" అని అడిగింది.

ఆవిడ చెయ్యెత్తి నన్ను చూపించింది. మూడు వందల మంది ఆడవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"అదిగో, ఆ బాబు. నా ఇంట్లో తప్పు సేసేడు. మళ్ళీ నా ఇంటికే వచ్చి సరిసేసేడు."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను. పదవీ విరమణనాడు మా వాళ్ళు నాకు శాలువా కప్పి, నా గురించి చాలా గొప్ప మాటలు చెప్పారు. అవేవీ నాకు గుర్తు లేవు. ఈ ఒక్క పరిచయం మాత్రం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇలా పరిచయం చేయించుకున్న మీటర్ల మనిషి మన జిల్లాలో ఇంకొకడు ఉంటే చెప్పండి, వెళ్ళి కలుసుకుంటాను.